జలశిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పాఠ్యభాగ పరిచయం

ఒక మహనీయుని జీవితాన్ని వేరొకరు రాస్తే దానిని జీవిత చరిత్ర అంటారు. జీవిత చరిత్ర పుట్టిన తేదీలను, పొందిన బిరుదులను చెప్పడంతోనే ముగియదు. ఆ వ్యక్తి ఎదుర్కొన్న సమస్య ఏది, దానిని ఏ ఆలోచనతో పరిష్కరించాడు అన్నవి తెలిసినప్పుడే అది పాఠకునికి ప్రయోజనకరం అవుతుంది. నీటి బలాన్ని నీటి అదుపుకే వినియోగించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితాన్ని, ఆయన రూపొందించిన యంత్ర విశేషాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

సికింద్రాబాదు నుండి హైదరాబాదుకు హుస్సేన్‌సాగర్ కట్ట మీదుగా ప్రయాణించే వారికి ఒక ప్రక్కన విశాలమైన జలాశయం, మరొక ప్రక్కన పల్లంలో పరచుకున్న నగరం కనిపిస్తాయి. అంత నీటిని ఆపి ఉంచుతున్నది ఆ మట్టికట్ట. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ కట్ట ఎంత బలమైనదో ప్రయాణికులలో చాలామంది ఆలోచించరు. కట్ట దాటి ఖైరతాబాదు కూడలికి చేరుకుంటే అక్కడ విశ్వేశ్వరయ్య విగ్రహం దర్శనమిస్తుంది. నీరు మనిషికి ఎంత ఉపకారం చేయగలదో, అదుపు తప్పితే ఎంత అపకారం చేయగలదో జీవితమంతా ఆలోచించిన వ్యక్తి ఆయన. ఒకనాడు హైదరాబాదు నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు, అటువంటి విపత్తు మళ్లీ రాకుండా మార్గం చూపమని పాలకులు పిలిచింది ఆయననే.

విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లి గ్రామంలో, 1857 తిరుగుబాటు చల్లారిన కొద్ది సంవత్సరాలకు, సెప్టెంబరు 15వ తేదీన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. పూర్వీకులు ఎప్పుడో కన్నడ సీమకు తరలివెళ్లినా ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఇంటి భాషగా తెలుగు నిలిచింది. అందుకే తెలుగువారు, కన్నడిగులు ఇరువురూ ఆయనను తమవాడిగానే భావిస్తారు.

బాల్యంలోనే తండ్రి మరణించడంతో ఆ కుటుంబం ఇబ్బందుల పాలైంది. అయినా తల్లి కుమారుని చదువు మానిపించలేదు. బెంగుళూరు చేరిన విశ్వేశ్వరయ్య పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన కొద్ది సొమ్ముతో సెంట్రల్ కళాశాలలో చదువుకున్నారు. 1881లో బి.ఏ. పట్టభద్రులయ్యారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలోని సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ స్థానం సాధించారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

ఉద్యోగ జీవితం మొదటి నుండి ఆయనకు నీటితోనే ముడిపడింది. తొలి రోజులలో ఖాందేశ్ ప్రాంతంలో ఒక వాగుకు అడ్డంగా గొట్టపు కాలువను నిర్మించే పని అప్పగించారు. వాగు పొంగినా, ఇసుక మేట వేసినా కాలువ నీరు ఒక గట్టు నుండి మరొక గట్టుకు చేరాలి. గొట్టంలో నీరు పల్లానికి దిగి, తన ఒత్తిడితో తానే మళ్లీ పైకి లేచే గుణాన్ని ఆధారం చేసుకొని ఆయన ఆ పని పూర్తి చేశారు. 1890ల నడిమి కాలంలో సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి వసతి కల్పించే బాధ్యత వచ్చింది. నది నీరు మడ్డిగా ఉండేది. దానిని వడపోసే కట్టడాలకు పురపాలక సంఘం వద్ద ధనం లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీటిని పట్టణానికి మళ్లించారు. నది ఇసుకే వడపోత తొట్టిగా పనిచేసింది. ధనం చాలని చోట ప్రకృతినే పనివానిగా నియమించుకోవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికి పరాకాష్ఠ ఖడక్‌వాస్లా తలుపులు.

పూనా పట్టణానికి సమీపంలో ముఠా నదిపై ఖడక్‌వాస్లా జలాశయం ఉంది. దానిని పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో రాతి ఆనకట్టతో నిర్మించారు. పూనా ప్రజల దాహం తీర్చవలసింది, దిగువ పొలాలు తడపవలసింది ఆ జలాశయమే. అయితే ప్రతి వర్షాకాలంలోను ఒక చిత్రమైన నష్టం జరిగేది. జలాశయం నిండగానే నీరు అలుగు మీదుగా పొర్లిపోయేది. వరద ఉధృతి హెచ్చినప్పుడు అలుగుపై ఆరు నుండి ఎనిమిది అడుగుల మందాన నీరు పారేది. ఆ ఎత్తు వరకు నీరు నిలిచినా ఆనకట్టకు ప్రమాదం లేదని అర్థమవుతూనే ఉంది. అయినా వరద తగ్గిన తరువాత ఆ నీరంతా నదిపాలయ్యేది. వేసవిలో మాత్రం కాలువలకు నీరు చాలేది కాదు.

అలుగును శాశ్వతంగా ఎత్తుచేస్తే ఎక్కువ నీరు నిలుస్తుంది. కాని పెనువరద వచ్చినప్పుడు నీటికి దారి ఉండదు. నీటిమట్టం ఆనకట్ట తలను దాటి, కట్టడమే కూలే ప్రమాదం ఏర్పడుతుంది. అలుగుపై తలుపులు బిగించి, అవసరమైనప్పుడు మనుషులచే ఎత్తించడం రెండవ మార్గం. అందులోనూ చిక్కు ఉంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల ఒక తలుపును ఊహించుకుంటే, దాని వెనుక నిండుగా నిలిచిన నీరు సుమారు తొమ్మిది టన్నుల బలంతో దానిని నెడుతుంది. అంత బలం క్రింద అదిమి ఉన్న తలుపును కదిలించడం తేలిక కాదు. అటువంటి తలుపులు వరుసగా అనేకం ఉండాలి. వరద తరచుగా అర్ధరాత్రి వేళ, హోరున వాన కురుస్తున్నప్పుడు వస్తుంది. కావలివాడు నిద్రపోయినా, దారి తెగి అతడు ఆనకట్టను చేరలేకపోయినా దిగువ ఊళ్లకు ముప్పే. ఆ కాలంలో అటువంటి చోట్లకు విద్యుచ్ఛక్తి లేదు. వార్త చేరవేసే సాధనాలూ స్వల్పమే.

అప్పుడు విశ్వేశ్వరయ్య వేరొక కోణంలో ఆలోచించారు. తలుపు తెరవవలసిన అవసరం కలిగిస్తున్నది నీరే. అటువంటప్పుడు తెరిచే బలాన్ని కూడా ఆ నీటి నుండే ఎందుకు తీసుకోకూడదు అన్నది ఆయన ఆలోచన.

ఈ ఆలోచన మన పల్లెలలోని ఏతాన్ని గుర్తుకు తెస్తుంది. ఏతపు మాను ఒక కొసకు బాన వేలాడుతుంది. రెండవ కొసన బరువు ఉంటుంది. రెండూ ఇంచుమించు సరితూగడం వలన మనిషి కొద్దిపాటి బలంతోనే నీరు తోడగలుగుతాడు. విశ్వేశ్వరయ్య కూడా బరువైన తలుపులను గొలుసులతో, గిలకలతో ఎదురుబరువులకు అనుసంధించారు. అలుగు ప్రక్కన బావి వంటి గదిని కట్టి, ఎదురుబరువు అందులో ఉండేటట్లు ఏర్పాటు చేశారు. జలాశయంలో నీరు నిర్ణీత మట్టాన్ని మించగానే కొంత నీరు ఆ బావిలోకి ప్రవేశిస్తుంది. నీటిలో మునిగిన వస్తువు తేలికపడుతుందన్నది తెలిసిన విషయమే. బావిలో నీటి మట్టం మారినప్పుడు తలుపుకు, ఎదురుబరువుకు మధ్య ఉన్న తూకం మారుతుంది. ఆ మార్పుతో తలుపు కదిలి వరదకు దారి ఇస్తుంది. జలాశయంలో మట్టం తగ్గగానే బావిలోని నీరు తొలగి, తూకం పూర్వస్థితికి చేరి, తలుపు మూసుకుంటుంది. మనిషి చేయి తగలకుండానే ఈ పని అంతా జరుగుతుంది.

ఈ స్వయంచాలక తలుపులను ఆయన 1903లో ఖడక్‌వాస్లా వద్ద ఏర్పాటు చేశారు. పాత ఆనకట్టను పునర్నిర్మించకుండానే నీటి నిలువ మట్టం సుమారు ఎనిమిది అడుగులు పెరిగింది. నిలువ సామర్థ్యం దాదాపు నాలుగింట ఒక వంతు హెచ్చింది. ఆ ఏర్పాటుకు ఆయన పేర పేటెంటు లభించింది. ఉద్యోగ ధర్మంగా చేసిన పనికి వేరుగా ప్రతిఫలం స్వీకరించడం తగదని ఆయన భావించినట్లు ప్రతీతి. అనంతరం గ్వాలియరు సంస్థానంలోని తిగ్రా ఆనకట్టలోను, మైసూరులోని కృష్ణరాజసాగరంలోను ఇటువంటి తలుపులను వినియోగించారు.

విశ్వేశ్వరయ్య తలుపుల విశిష్టత బోధపడాలంటే ద్రవ బలంతో నడిచే యంత్రాల సంగతి కొంత తెలుసుకోవాలి. పదిహేడవ శతాబ్దికి చెందిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ ఒక సూత్రాన్ని వివరించారు. మూసి ఉన్న పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి ద్రవమంతటా, అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుంది. ఒక సన్నని గొట్టాన్ని, ఒక వెడల్పాటి గొట్టాన్ని క్రింద కలిపి, వాటిలో నూనె నింపి, పైన పిస్టన్లు అమర్చినట్లు ఊహించుకోవాలి. సన్నని పిస్టన్ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, వెడల్పాటి దాని వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అయితే, సన్నని దానిపై పది కిలోల బరువు మోపినప్పుడు వెడల్పాటిది వెయ్యి కిలోల బరువును మోయగలుగుతుంది. అయితే ఈ లాభం ఊరకే రాదు. పెద్ద పిస్టన్ ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్న పిస్టన్ వంద సెంటీమీటర్ల దూరం దిగాలి. బలంలో లభించినది దూరంలో చెల్లించక తప్పదు.

ఈ సూత్రంపై ఆధారపడి 1795లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా ద్రవ పీడన యంత్రానికి పేటెంటు పొందారు. పందొమ్మిదవ శతాబ్దిలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ నీటి ఒత్తిడితో బరువులెత్తే క్రేన్లను నిర్మించారు. 1894లో ప్రారంభమైన లండన్ టవర్ బ్రిడ్జి మధ్యభాగాన్ని ఓడల కోసం పైకెత్తడానికి కూడా నీటి ఒత్తిడినే వాడారు. పంపు పుట్టించిన ద్రవపు ఒత్తిడిని సిలిండర్‌లోకి పంపి, పిస్టన్‌ను కదిలించి పని చేయించే సాధనానికే నేడు హైడ్రాలిక్ యాక్చుయేటర్ అని పేరు. సికింద్రాబాదు వీధులలో టైర్ల దుకాణం ముందు ఒక కుర్రవాడు చిన్న జాకీ పిడిని ఆడిస్తూ సరుకులతో నిండిన లారీని పైకెత్తడం, జేసీబీ తన ఇనుప చేతితో రాళ్లను పెకలించడం, టిప్పరు లారీ తొట్టి లేచి కంకరను కుమ్మరించడం ఈ సూత్రం వలన సాధ్యమవుతున్నవే.

అయితే ప్రతి పనికీ ఈ సాధనం తగదు. భారం అధికంగా ఉండి, చోటు స్వల్పంగా ఉన్నప్పుడు, కదలిక నెమ్మదిగా, నిలకడగా ఉండవలసినప్పుడు, ఎత్తిన బరువును మధ్యలో ఆపి ఉంచవలసినప్పుడు ద్రవ బలానికి సాటి రాగలవి తక్కువ. తేలికైన వస్తువును వడివడిగా ముందుకూ వెనుకకూ కదపడానికి గాలి ఒత్తిడితో నడిచే యంత్రాలు చాలు. సూక్ష్మమైన కొలతతో తేలికపాటి కదలికలు కావలసిన చోట విద్యుత్ మోటారు మేలు. నూనెతో నడిచే యంత్రంలో కీలు వద్ద చిన్న కారుడు ఏర్పడినా బలం సన్నగిల్లుతుంది. నూనెలో దుమ్ము చేరితే లోపలి భాగాలు అరిగిపోతాయి. పంపు నడవడానికి వేరే శక్తి అవసరం. ఆధునిక ఆనకట్టలలో అనేకచోట్ల తలుపులను హైడ్రాలిక్ సిలిండర్లతోనే ఎత్తుతున్నా, విద్యుత్తు ఆగినప్పుడు ఆదుకోవడానికి డీజిల్ జనరేటర్లను సిద్ధంగా ఉంచడానికి కారణం ఇదే.

విశ్వేశ్వరయ్య తలుపులలో పంపు లేదు, నూనె లేదు. కనుక వాటిని నేటి అర్థంలో హైడ్రాలిక్ యాక్చుయేటర్ అనలేము. కాని ద్రవపు బలం ఒక భారాన్ని కదిలించడమే రెండింటికీ మూలం. ఇవి ఒకే కుటుంబానికి చెందిన రెండు శాఖలు. జనసంచారం లేని చోట, విద్యుత్తు లేని కాలంలో, ఒకే ఒక నీటిమట్టాన్ని కాపాడవలసి వచ్చినప్పుడు ఆయన ఎన్నుకున్న మార్గమే సరియైనది. యంత్రాన్ని రూపొందించడం ఒక ప్రతిభ. ఏ చోటికి ఏది తగునో నిర్ణయించడం మరొక ప్రతిభ. ఈ రెండవ ప్రతిభకు పరీక్ష హైదరాబాదులో ఎదురైంది.

1908 సెప్టెంబరు మాసాంతంలో మూసీ పరీవాహక ప్రాంతంపై కుంభవృష్టి కురిసింది. శంషాబాదులో ఒక్క రోజులో దాదాపు 13 అంగుళాల వర్షం నమోదైంది. ఆ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు ఉండేవి. పై చెరువు అలుగు పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరుతుంది. సాధారణ కాలంలో ఒక్క చుక్క వృథా కాకుండా కాపాడే ఆ ఏర్పాటే ఆనాడు ప్రాణాంతకమైంది. ఒక కట్ట తెగగానే ఆ నీటి తాకిడికి దిగువ కట్ట తెగింది. విశ్వేశ్వరయ్య తరువాత జరిపిన పరిశీలనలో 788 చెరువులకు గాను 221 చెరువులు తెగినట్లు తేలింది. సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది నగరంపై విరుచుకుపడింది. ఉధృతి పరాకాష్ఠకు చేరిన వేళ సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించినట్లు ఆయన అంచనా వేశారు. వంతెనలు కొట్టుకుపోయాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్య సుమారు 15,000 అని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఆనాటి విషాదానికి సాక్షిగా నిలిచి ఉంది.

అప్పటికి విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ సేవ నుండి స్వచ్ఛందంగా తప్పుకొని విదేశ పర్యటనలో ఉన్నారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆయన సహాయాన్ని కోరింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరుకున్నారు. తెగిన చెరువులను పరిశీలింపజేసి, వర్షపాతపు లెక్కలు సేకరించి, వరద మట్టపు గుర్తులను కొలిపించారు. భయపడిన ప్రజలకు వెంటనే ఏదో ఒకటి చేసి చూపాలన్న తొందరకు ఆయన లోనుకాలేదు. నది ఎంత నీరు తెచ్చిందో, నగరంలోని నదీమార్గం ఎంత నీటిని భరించగలదో ముందుగా లెక్కించారు. ఆ రెండింటి నడుమ ఉన్న వ్యత్యాసాన్ని నగరానికి ఎగువనే ఆపాలని నిశ్చయించారు.

ఖడక్‌వాస్లా సమస్యకు, హైదరాబాదు సమస్యకు మౌలికమైన భేదం ఉంది. అక్కడ కావలసింది నిండైన జలాశయం. ఇక్కడ కావలసింది ఖాళీ చోటు ఉన్న జలాశయం. నిండిన చెరువు వరదను ఆపలేదు. వరద వచ్చే వేళకు జలాశయం పైభాగం ఖాళీగా ఉంటేనే అది ఉధృతిని తనలో ఇముడ్చుకొని, నది భరించగలిగినంత నీటినే మెల్లమెల్లగా దిగువకు వదలగలుగుతుంది. నీరు ఎంత వచ్చింది, ఇంకా ఎంత రానున్నది, దిగువన నది ఏ స్థితిలో ఉన్నది అన్న విషయాలను ఆలోచించి తలుపులు తెరవాలి. ఒకే మట్టాన్ని ఎరిగిన యంత్రానికి ఇన్ని విషయాలు తెలియవు. అందుచేత విశ్వేశ్వరయ్య తాను కనిపెట్టిన యంత్రమే అన్నిటికీ మందు అని తలచలేదు. నగరానికి ఎగువన మూసీ నదిపై ఒకటి, దాని ఉపనది ఈసాపై మరొకటి వరద నియంత్రణ జలాశయాలు నిర్మించాలని, నగరంలో నది గట్లను పటిష్ఠపరచాలని, మురుగునీటి పారుదలకు ఆధునిక వ్యవస్థ ఏర్పరచాలని 1909లోనే నివేదిక సమర్పించారు.

నివేదిక ఇచ్చిన కొద్దికాలానికే మైసూరు ప్రభుత్వ పిలుపుపై ఆయన వెళ్లిపోయారు. పథకం మాత్రం కాగితాలకే పరిమితం కాలేదు. 1911లో అధికారానికి వచ్చిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో హైదరాబాదు ఇంజనీర్లు దానిని ఆచరణలో పెట్టారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. హిమాయత్‌సాగర్ నిర్మాణ కాలంలో ప్రధాన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. వరదను ఆపడానికి తలపెట్టిన ఈ జలాశయాలు నగరానికి మంచినీటిని కూడా అందించాయి. ప్రాణాలు తీసిన నీరే ప్రాణాధారమైంది. అయితే ఈ రెండు ప్రయోజనాలకూ మధ్య పోటీ ఎప్పుడూ ఉంటుంది. దాహానికి నిండు జలాశయం కావాలి. రక్షణకు ఖాళీ కావాలి. అందువలననే 2020 అక్టోబరులో భారీ వర్షాలు కురిసినప్పుడు హిమాయత్‌సాగర్ తలుపులను ఎత్తి నీటిని మూసీలోకి వదలవలసి వచ్చింది. తలుపు ఎప్పుడు ఎత్తాలన్న ప్రశ్నకు నేటికీ మనిషి వివేకమే సమాధానం చెప్పాలి.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు ప్రధాన ఇంజనీరు అయ్యారు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణం ప్రారంభమైంది. సిమెంటు అరుదుగా ఉన్న ఆ రోజులలో సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీతో ఆ మహాకట్టడాన్ని నిర్మించారు. 1912 నుండి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని ఇంజనీరింగు కళాశాల ఆ కాలంలోనే వెలిశాయి. భద్రావతి ఇనుము కర్మాగారం అభివృద్ధికి ఆయన కృషి చేశారు. పరిశ్రమలు లేనిదే దేశ దారిద్ర్యం తొలగదని విశ్వసించి, భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం అవసరమని ప్రతిపాదిస్తూ 1934లో గ్రంథం వెలువరించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది.

ఆయన జీవిత చరమాంకంలో ఒక దుర్ఘటన సంభవించింది. 1961 జూలై 12న పూనాకు ఎగువన కొత్తగా నిర్మిస్తున్న పాన్‌షెట్ ఆనకట్ట తెగిపోయింది. ఆ జలరాశి ఒక్కుమ్మడిగా దిగువనున్న ఖడక్‌వాస్లాపై పడగా ఆ పాత ఆనకట్ట కూడా తెగి, పూనా నగరం వరదలో మునిగింది. ఒక ఆనకట్ట మొత్తం తెగి వచ్చే నీటిని తట్టుకోవడం ఏ అలుగు తలుపులకూ సాధ్యం కాదు. మూసీ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు నేర్పిన గుణపాఠమే అర్ధశతాబ్ది తరువాత ముఠా నదిపై పునరావృతమైంది. ప్రతి యంత్రానికి ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దును ఎరిగి ఉండటమే ఇంజనీరు ప్రథమ కర్తవ్యమని ఈ సంఘటన తెలియజేస్తుంది.

నూరేళ్ల నిండు జీవితం గడిపి విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన కాలం తరువాత యంత్రాలు ఎంతో మారాయి. గొలుసులు, ఎదురుబరువుల స్థానంలో నూనె సిలిండర్లు వచ్చాయి. కావలివాని స్థానంలో నీటిమట్టాన్ని కొలిచే పరికరాలు వచ్చాయి. మారనిది నీటి స్వభావం. అది పల్లానికే పారుతుంది. అడ్డు వచ్చినదానిని లోతుకు తగిన బలంతో నెడుతుంది. ఆ బలాన్ని శత్రువుగా కాక పనివానిగా చూడటం విశ్వేశ్వరయ్య ఖడక్‌వాస్లాలో చూపిన మార్గం. ఆ పనివానికి ఎక్కడ స్వేచ్ఛ ఇవ్వాలో, ఎక్కడ మనిషి దగ్గర నిలిచి చూసుకోవాలో నిర్ణయించడం హైదరాబాదులో చూపిన మార్గం. బలాన్ని సాధించడంతో పాటు, దానిని ఎక్కడ ప్రయోగించాలో తెలుసుకోవడమే నిజమైన విజ్ఞానమని ఆ మహనీయుని జీవితం యువతకు బోధిస్తున్నది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఖడక్‌వాస్లా జలాశయ సమస్యను విశ్వేశ్వరయ్య పరిష్కరించిన విధానాన్ని వివరించండి.
2. ఖడక్‌వాస్లా, హైదరాబాదు సమస్యల మధ్య గల భేదాన్ని తెలిపి, హైదరాబాదుకు విశ్వేశ్వరయ్య సూచించిన మార్గాలను చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. సుక్కూరు పట్టణానికి విశ్వేశ్వరయ్య మంచినీటిని ఎలా అందించారు?
2. పాస్కల్ సూత్రాన్ని ఉదాహరణతో తెలపండి.
3. హైడ్రాలిక్ యాక్చుయేటర్లు ఏయే సందర్భాలలో అనుకూలమైనవి?
4. గొలుసుకట్టు చెరువులు 1908 వరదలో ప్రమాదకరంగా ఎందుకు మారాయి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విశ్వేశ్వరయ్య పూర్వీకుల గ్రామం ఏది?
2. ఖడక్‌వాస్లా స్వయంచాలక తలుపులను ఏ సంవత్సరంలో ఏర్పాటు చేశారు?
3. ఈసా నదిపై నిర్మించిన జలాశయం పేరేమిటి?
4. ఇంజనీర్ల దినోత్సవాన్ని ఎప్పుడు జరుపుకుంటారు?